కందిపొడి డబ్బాకి జర్మన్ లేబుల్ రాయడం: నా అనుభవం

జర్మనీలో కందిపొడి చేయడం తేలికే. అమ్మడమూ ఫరవాలేదు. అసలు పని డబ్బా మీద అంటించే చిన్న కాగితం దగ్గర మొదలవుతుంది. లోపల ఏముందో జర్మన్‌లో రాయాలి. చట్టం అడిగినట్టు ఉండాలి, కొనేవాళ్ళకి అర్థమూ కావాలి. ఆ కాగితం పుణ్యమా అని జర్మన్ వ్యాకరణంలో ఒక అధ్యాయం మొత్తం నాకు వంటబట్టింది: క్రియల నుంచి పుట్టే విశేషణాలు. వేయించిన, ఎండబెట్టిన, పొట్టు తీసిన, ఉప్పు వేయని... వంటింట్లో మనం రోజూ అనే మాటలే.

మేముండేది లైప్‌జిగ్‌లో. తెలిసినవాళ్ళకి ఇచ్చే పొడులకి అడిగేవాళ్ళు పెరిగారు. శనివారం సంతలో బల్ల వేసుకునే ఒకావిడ "మీ డబ్బాలు కూడా నా పక్కన పెట్టుకోండి" అంది. వ్యాపారం నమోదు, ఆహార తనిఖీ శాఖలో నమోదు, ఆరోగ్య శాఖ వాళ్ళు చెప్పే పరిశుభ్రత పాఠం, గంటల లెక్కన అద్దెకిచ్చే వంటగది, ఇవన్నీ ఓపికుంటే అయిపోయే పనులు. ఎవరో ఒకరు ముందు చేసి ఉంటారు, ఎలాగో చెప్తారు. లేబుల్ మాత్రం ఎవరి పొడికి వాళ్ళే రాసుకోవాలి.

ఫోన్లో అమ్మకి చెప్తే నవ్వింది. "పప్పు వేయించానని కూడా రాయాలా ఏంటే? వేయించకుండా కందిపొడి ఎవరు చేస్తారు?"

"మనకి తెలుసమ్మా, వీళ్ళకి తెలీదుగా."

చట్టం ఉద్దేశం కూడా సరిగ్గా అదే. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటికీ ఒకటే నియమావళి ఉంది, 1169/2011 అంటారు. 2014 డిసెంబర్ 13 నుంచి అమల్లో ఉంది. అందులో ఒక అనుబంధం ఏమంటుందంటే, ఆ పదార్థం ఏ స్థితిలో ఉందో, దానికి ఏం చేశారో చెప్పకపోతే కొనేవాళ్ళు పొరబడే అవకాశం ఉంటే, ఆ సంగతి పేరుతో పాటే రాయాలి. మొత్తం వస్తువు పేరుకే కాదు, లోపలి దినుసుల పేర్లకీ ఇదే పద్ధతి. ఉదాహరణకి అని బ్రాకెట్లో ఆరు మాటలిచ్చారు: పుల్వెరిజీర్ట్, వీడర్ ఐన్‌గెఫ్రోరెన్, గెఫ్రీర్‌గెట్రోక్నెట్, టీఫ్‌గెఫ్రోరెన్, కొన్‌ట్సెంట్రీర్ట్, గెరోయ్‌షెర్ట్. అంటే పొడి చేసిన, మళ్ళీ గడ్డకట్టించిన, గడ్డకట్టించి ఎండబెట్టిన, డీప్ ఫ్రీజ్ చేసిన, చిక్కబరచిన, పొగబెట్టిన.

ఆ వాక్యం ప్రింట్ తీసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. ఎందుకంటే ఆరుకి ఆరూ పార్టిసిపుల్సే, అంటే మొదట్లో చెప్పిన, క్రియల నుంచి పుట్టే విశేషణాలే. పైగా ఆ రూపం తయారయ్యే దారులు దాదాపు అన్నీ ఆ ఒక్క బ్రాకెట్లోనే ఉన్నాయి. మామూలు క్రియకి ముందు 'గె', చివర 'ట్' వస్తాయి: గెరోయ్‌షెర్ట్. కొన్నిటికి చివర 'ట్' బదులు 'ఎన్' వచ్చి మధ్య అచ్చు మారిపోతుంది: ఫ్రీరెన్ నుంచి గెఫ్రోరెన్. 'ఈరెన్'తో ముగిసే అరువు క్రియలకి 'గె' అసలు రాదు: పుల్వెరిజీర్ట్, కొన్‌ట్సెంట్రీర్ట్. వాక్యంలో క్రియ నుంచి విడిపోయే ఉపసర్గ ఉంటే 'గె' నడిమధ్యలోకి దూరుతుంది: ఐన్-గె-ఫ్రోరెన్. మిగిలిందల్లా 'ఎంట్', 'ఫెర్', 'బె' లాంటి విడిపోని ఉపసర్గలు. వాటికీ 'గె' ఉండదు. దానికి ఉదాహరణ ఫ్రిజ్ తలుపు తీస్తే లోపలే ఉంది, వెన్న తీసిన పాల ప్యాకెట్ మీద: ఎంట్‌రామ్ట్.

నియమాలు తెలిసినంత మాత్రాన మాటలు నోటికి రావు. అవి సూపర్‌మార్కెట్లో వచ్చాయి. మీరు జర్మనీలో ఉంటే కేకు సామాన్లు పెట్టే అర దగ్గర కాసేపు నిలబడండి. ఒకే బాదం పప్పు, వరసగా ప్యాకెట్లు: గెహాక్ట్ అంటే ముక్కలుగా నరికింది, గెహోబెల్ట్ అంటే పలుచని రేకులుగా చెక్కింది, గెష్టిఫ్టెల్ట్ అంటే పుల్లలుగా కోసింది, గెమాలెన్ అంటే పొడి చేసింది, బ్లాన్‌షీర్ట్ అంటే వేడినీళ్ళలో వేసి తొక్క తీసింది. బొమ్మా మాటా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి డిక్షనరీ అక్కర్లేదు. తర్వాత టమాటా డబ్బాలు: గెషేల్ట్ అంటే తొక్క తీసినవి, పాసీర్ట్ అంటే జల్లెడ పట్టినవి. కోకో పొడి డబ్బా మీద 'ష్టార్క్ ఎంట్‌ఓల్ట్' అని ఉంటుంది. 'బాగా నూనె తీసిన' అని అర్థం. కోకో వెన్న 20 శాతం కంటే తక్కువుంటేనే ఆ మాట రాస్తారు.

బిస్కెట్ ప్యాకెట్ల మీద ఇంకో మాట కనపడేది: గెహేర్టెట్, గట్టిపరచిన నూనె. మన వనస్పతి ఈ జాతిదే. అది 'గాంట్స్ గెహేర్టెట్' అంటే పూర్తిగానా, 'టైల్‌వైజె గెహేర్టెట్' అంటే పాక్షికంగానా అన్నది కూడా రాసి తీరాలి. ట్రాన్స్ ఫ్యాట్ వచ్చేది ఆ పాక్షికం నుంచే. 2021 ఏప్రిల్ నుంచి యూరప్‌లో 100 గ్రాముల కొవ్వుకి 2 గ్రాములకి మించి ఆ ట్రాన్స్ ఫ్యాట్ ఉండకూడదు. నేను ముందు కొవ్వు శాతం చూసేదాన్ని, ఇప్పుడు ఈ మాట చూస్తున్నాను.

ఇక నా డబ్బా. దినుసులు కందిపప్పు, ఎండుమిర్చి, ఉప్పు, జీలకర్ర, ఇంగువ. కందిపప్పుకి జర్మన్‌లో ష్ట్రౌఖ్‌ఎర్బ్‌సెన్ అని ఒక పొడుగాటి మాట ఉంది. 'టూర్ దాల్' అంటే ఇండియన్ షాపుకి వెళ్ళేవాళ్ళకి తెలుస్తుంది గానీ సంతకి వచ్చే జర్మన్ పెద్దావిడకి తెలీదు. 'కందిపొడి' అన్న పేరు పెద్దక్షరాల్లో ఎంత అందంగా రాసుకున్నా ఇక్కడ వాడుకలో లేని పేరు కాబట్టి, అదేమిటో వివరించే పేరు ఒకటి కింద ఉండాల్సిందే.

సాయంత్రాలు ఫోల్క్స్‌హోఖ్‌షూలెలో జర్మన్ క్లాసుకి వెళ్ళేదాన్ని. ఇక్కడ చాలా ఊళ్ళల్లో ఉండే వయోజన విద్యా కేంద్రం అది. మా టీచర్ రిటైరైన ఆవిడ. పాఠంలో పార్టిసిపుల్స్ రాగానే నా లేబుల్ ముసాయిదా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడకి భలే సరదా వేసింది. మొదటి ప్రశ్న దినుసుల వరస గురించి కాదు, కామాల గురించి.

విషయం ఏంటంటే, ఇక్కడి లేబుళ్ళ మీద రెండు పద్ధతులు కనపడతాయి. ఒకటి, పేరు ముందు, పార్టిసిపుల్ తర్వాత: 'మాన్‌డెల్న్, గెమాలెన్'. బాదం, పొడి చేసినది. ఇలా వెనక పెడితే దానికి ఏ ప్రత్యయమూ అక్కర్లేదు. లింగం తెలియకపోయినా బతికిపోవచ్చు. రెండోది, పార్టిసిపుల్ ముందు: 'గెమాలెనె మాన్‌డెల్న్'. అప్పుడు నామవాచకం లింగం, వచనం, విభక్తిని బట్టి తోక మారుతుంది. కొత్తగా రాసేవాళ్ళంతా సహజంగా మొదటి పద్ధతికే వెళ్తారు. కానీ దినుసుల పట్టీలో దినుసుల మధ్య కూడా కామాలే ఉంటాయి. 'కందిపప్పు, వేయించినది, మిర్చి, ఎండినది, జీలకర్ర, వేయించినది' అని రాస్తే ఏ మాట ఎవరికి చెందుతుందో కళ్ళు తడుముకోవాలి. ఆవిడ పెన్సిల్‌తో ఒక్కో కామా చుట్టూ సున్నా చుట్టి, "వీటిలో ఏది దినుసుల మధ్య కామా, ఏది దినుసు లోపలి కామా, నాకెలా తెలియాలి?" అని అడిగింది. పార్టిసిపుల్ ముందుకి తెచ్చేస్తే ఆ గొడవే ఉండదు.

అలా తోకలు నేర్చుకోవాల్సి వచ్చింది. పట్టీలో ఆర్టికల్, అంటే నామవాచకం ముందు వచ్చి లింగం చెప్పే డెర్, డీ, డాస్ లాంటి మాట, ఉండదు కాబట్టి లింగాన్ని చూపించే భారం విశేషణం మీద పడుతుంది. బహువచనం అయితే 'ఎ': గెరోస్టెటె ష్ట్రౌఖ్‌ఎర్బ్‌సెన్, వేయించిన కందిపప్పు. గెట్రోక్నెటె చిలిషోటెన్, ఎండుమిర్చి. జీలకర్ర పుంలింగం, అందుకని 'ఎర్': గెరోస్టెటర్ క్రోయ్‌ట్స్‌క్యుమెల్. నపుంసకానికి 'ఎస్', ఇక్కడ బ్రెడ్ ప్యాకెట్ల మీద కనపడే యోడీర్టెస్ ష్పైజెజాల్ట్స్, అంటే అయొడిన్ కలిపిన ఉప్పు, దానికి మంచి ఉదాహరణ. అదే 'తో', 'నుంచి' అనే అర్థంలో 'మిట్', 'ఔస్' వస్తే మళ్ళీ మారతాయి. 'వేయించిన కందిపప్పుతో' అన్నప్పుడు గెరోస్టెటెన్, 'వేయించిన నువ్వులతో' అన్నప్పుడు గెరోస్టెటెమ్, ఎందుకంటే జర్మన్‌లో నువ్వులు ఏకవచనం, పైగా పుంలింగం. జీలకర్ర మగాడెందుకయ్యాడో, నువ్వులు ఒక్కటెందుకయ్యాయో అడక్కూడదు.

పొడి చేయడం అనే క్రియ కూడా ఒక వింత. మాలెన్ అంటే విసరడం, పొడి చేయడం. భూతకాలంలో బుద్ధిగా మామూలు క్రియలాగే 'మాల్టె' అంటుంది, పార్టిసిపుల్ దగ్గరికి వచ్చేసరికి 'గెమాలెన్' అని ప్లేటు ఫిరాయిస్తుంది. ఉప్పు వేయడానికీ అదే జబ్బు: జాల్ట్స్‌టె, కానీ గెజాల్ట్సెన్. దీనికి తోడు బొమ్మలు గీయడాన్ని కూడా మాలెన్ అనే పలుకుతారు, స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. దాని పార్టిసిపుల్ 'గెమాల్ట్'. తోక మారిందంటే పొడి చేసిన పప్పు కాస్తా బొమ్మ గీసిన పప్పు అయిపోతుంది.

ఇంత కష్టమూ ప్రత్యయాల్లోనే. వాక్యం అమరిక దగ్గరికి వచ్చేసరికి తెలుగువాళ్ళకి ఇది వడ్డించిన విస్తరే. క్లాసులో మిగతావాళ్ళు తలపట్టుకున్న చోట నాకు హాయిగా ఉండేది. జర్మన్‌లో పార్టిసిపుల్ ముందు ఎన్ని వివరాలైనా గుచ్చొచ్చు: 'ఇన్ డెర్ ప్ఫానె గెరోస్టెటె ష్ట్రౌఖ్‌ఎర్బ్‌సెన్'. మాటకి మాట పెట్టుకుంటూ పోండి: పెనంలో వేయించిన కందిపప్పు. అదే వరస! పాఠ్యపుస్తకాల్లో దీన్ని పై స్థాయికి దాచి, 'కఠినమైన నిర్మాణం' అని హెచ్చరించి మరీ నేర్పుతారు. ఇంగ్లీషు, స్పానిష్ అలవాటున్నవాళ్ళు 'పెనంలో' దగ్గర ఆగి అసలు నామవాచకం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తారు. మనం పుట్టినప్పటి నుంచీ అలా ఎదురు చూస్తూనే ఉన్నాం కదా. 'నిన్న మా అత్తయ్య ఊరి నుంచి పంపిన, ఎండలో పెట్టి తీసిన మిరపకాయలు' అన్నా చివరి మాట దాకా ఎవరికీ ఊపిరాడకుండా పోదు.

టీచర్ మాత్రం ఒక హెచ్చరిక చేసింది. ఇలాంటివి రాతలోనే బాగుంటాయి, ముఖ్యంగా ఆఫీసు కాగితాల్లో. మాట్లాడేటప్పుడు జర్మన్లు 'పప్పు, ఏదైతే పెనంలో వేయించబడిందో' అన్న పద్ధతిలో విడగొట్టి చెప్తారట. నాకేమో అదే ఎబ్బెట్టు. సంతలో ఎవరైనా అడిగితే ఇప్పటికీ లేబుల్ భాషలోనే జవాబిస్తాను, వాళ్ళు నవ్వుకుంటారు.

అయితే ఒక చోట మన అలవాటు అచ్చం సరిపోదు. స్కూల్లో ధాతుజ విశేషణం అని చదువుకున్నామే, అది తెలుగులో చాలా ఉదారమైనది. వేయించిన పప్పు, వేయించిన పెనం, వేయించిన రోజు, వేయించిన అత్తయ్య, అన్నిటికీ ఒకటే 'వేయించిన'. ఎవరు వేయించారు, దేన్ని, దేంట్లో అన్నది వినేవాళ్ళే గ్రహిస్తారు. జర్మన్ గెరోస్టెట్ అలా కాదు. వేగినదానికే ఆ మాట. దాన్ని అత్తయ్యకి తగిలిస్తే అత్తయ్యే పెనంలో పడినట్టు. టీచర్‌కి ఈ తెలుగు సంగతి చెప్తే నమ్మలేదు, పెనం ఉదాహరణ బోర్డు మీద రాయించుకుంది.

ఇంకో వైపు, మనం విడదీసేవాటిని జర్మన్ కలిపేస్తుంది. ఎండిన మిర్చి వేరు, ఎండబెట్టిన మిర్చి వేరు. మొదటిది తనంతట తను, రెండోది మనం చేసింది. జర్మన్‌లో రెండూ గెట్రోక్నెట్. ఉడికిన, ఉడికించిన రెండూ గెకోఖ్ట్. వ్యతిరేకం మాత్రం చక్కగా కుదురుతుంది: 'ఉన్' చేరిస్తే చాలు. ఉన్‌గెజాల్ట్సెన్ అంటే ఉప్పు వేయని, ఉన్‌గెషేల్ట్ అంటే పొట్టు తీయని.

పని జరుగుతున్నట్టు చెప్పే రెండో రకం పార్టిసిపుల్, 'ఎన్డ్' అని ముగిసేది, దినుసుల పట్టీల్లో తక్కువ. జెల్లీ చాక్లెట్ల మీద ఫేర్బెన్డెస్ లేబెన్స్‌మిటెల్ అని ఉంటుంది, రంగునిచ్చే ఆహార పదార్థం, బీట్‌రూట్ రసం లాంటివి. నాకు బాగా నచ్చింది మూలికల టీ పెట్టెల మీది హెచ్చరిక: ష్ప్రూడెల్న్డ్ కోఖెన్డెమ్ నీళ్ళే పోయాలి, కనీసం 5 నిమిషాలు ఉంచాలి, అప్పుడే అది సురక్షితమైన ఆహారం అని. సలసలా మరిగే నీళ్ళన్నమాట. ఒకసారి మరిగి పక్కన పెట్టినవి పనికిరావు, అవి గెకోఖ్ట్. ఎండుటాకుల మీద సూక్ష్మజీవులు ఉండొచ్చు కాబట్టి ఆ తేడా అక్కడ నిజంగా ముఖ్యం.

లేబుల్‌కి తిరిగొస్తే, భాష కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇంగువ. మనం వాడే పొడి ఇంగువలో అసలు ఇంగువ బంక కొంచెమే, మిగతాది చాలా వాటిల్లో గోధుమ పిండి, గమ్ అరబిక్. చిటికెడే కదా అంటే కుదరదు. తప్పనిసరిగా ప్రస్ఫుటంగా చూపించాల్సిన అలర్జీ కారకాలు 14 ఉన్నాయి, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు వాటిలో ఒకటి. ఎంత తక్కువున్నా రాయాలి. ముఖ్యంగా పప్పూ మిర్చీ ఉండే కందిపొడి మీద లావు అక్షరాల్లో 'గోధుమ పిండి' అని వేస్తే కొనేవాళ్ళు వెనక్కి పెట్టేస్తారు. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరికింది, దానికి మారిపోయాను. రుచిలో తేడా నాకైతే తెలియలేదు, అమ్మ వస్తే చెప్పాలి.

మిర్చి దగ్గర ఇంకో పార్టిసిపుల్ అడ్డొచ్చింది: బెష్ట్రాల్ట్, అంటే వికిరణం చేసిన. సూక్ష్మజీవులు చావడానికి మసాలా దినుసులకి కొన్నిచోట్ల రేడియేషన్ ఇస్తారు. యూరప్‌లో ఎండు మసాలాలకి అది అనుమతే, కానీ దినుసుగా వాడినా ఆ మాట రాసి తీరాలి. లేదా 'మిట్ యొనిజీరెన్డెన్ ష్ట్రాలెన్ బెహాన్‌డెల్ట్' అనాలి. ఈ ఒక్క ముక్కలో రెండు రకాల పార్టిసిపుల్సూ ఉన్నాయి! మిర్చి ఇచ్చే వ్యాపారిని అడిగి, అలాంటిది చేయలేదని కాగితం రాయించుకున్నాను. ఆహార తనిఖీ ఆయన మొదట అడిగింది ఆ కాగితమే.

వరస విషయానికొస్తే, ఎక్కువ బరువున్నది ముందు. తయారీలో కలిపేటప్పటి బరువు లెక్క. 2 శాతం కంటే తక్కువున్నవి చివర్లో ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఇంగువకి ఆ సౌకర్యం దొరికింది. మిర్చికి దొరకదు. మన కారం వాళ్ళ 2 శాతంలో ఇమిడేదా!

'గెమాలెన్' ఎక్కడ పెట్టాలన్నది చివరిదాకా తేలలేదు. పప్పు, మిర్చి, జీలకర్ర అన్నీ పొడి చేసినవే. ప్రతిదానికీ తగిలిస్తే పట్టీ చేంతాడంత అవుతుంది. అక్షరాల ఎత్తుకి కూడా లెక్క ఉంది. చిన్న 'ఎక్స్' అక్షరం కనీసం 1.2 మిల్లీమీటర్లు ఉండాలి, డబ్బా పెద్ద ముఖం 80 చదరపు సెంటీమీటర్లకి లోపుంటేనే 0.9కి తగ్గించుకోవచ్చు. అందుకని ఆ మాటని పట్టీలోంచి తీసి పైన పేరులోకి ఎక్కించాను. ఇప్పుడున్న లేబుల్ తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: 'వేయించిన కందిపప్పు, ఎండుమిర్చితో పొడి చేసిన మసాలా మిశ్రమం. దినుసులు: వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, ఉప్పు, వేయించిన జీలకర్ర, ఇంగువ', ఇంగువ పక్కన బ్రాకెట్లో దాని లోపలి దినుసులు. పేరులో కందిపప్పుని, ఎండుమిర్చిని ప్రస్తావించాం కాబట్టి వాటి శాతాలు కూడా వేయాలి, వేశాను.

తనిఖీ ఆయన దాన్ని వేలితో ఒక్కో మాటా ముట్టుకుంటూ చదివాడు. భాష గురించి ఏమీ అనలేదు. బ్యాచ్ నంబరు ఇంకొంచెం స్పష్టంగా పడాలన్నాడు, అంతే.

నువ్వుల పొడి, పల్లీ పొడి లేబుళ్ళు ఆ తర్వాత త్వరగానే అయిపోయాయి. మాటలు చేతిలో ఉన్నాయి, నువ్వులు, వేరుశనగ రెండూ అలర్జీ జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటిని లావు అక్షరాల్లో వేయడమొక్కటే అదనం. ఇప్పుడు చాలామంది ఆవకాయ అడుగుతున్నారు. 'నూనెలో ఊరబెట్టిన మామిడి ముక్కలు'కి ఐన్‌గెలేగ్ట్ అని మాట సిద్ధంగానే ఉంది, ఆవపిండి లావు అక్షరాల్లో వస్తుంది. కానీ అది తడి సరుకు, పులుపు ఎంతుందో ల్యాబ్‌లో కొలిపించి తీసుకురమ్మన్నారు. జాడీలోంచి ఒక సీసా నింపి ల్యాబ్‌కి పంపాను.